ఏడో ప్రశ్న

ఏడో ప్రశ్న దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదు. కిటికీ వైపు వరుసలో అందరికంటే వేగంగా రాసేవాడు కూడా నాలుగో ప్రశ్నలోనే ఉన్నాడు, వ్యతిరేక పదాలు, చీకటికి వెలుగు అని రాసేసి పొడుగు దగ్గర ఆగిపోయి పెన్సిలు వెనక కొరుకుతున్నాడు, పొట్టి అని చెప్పెయ్యాలని నాకు నాలుక దురద పెడుతోంది కానీ చెప్పకూడదు, పరీక్ష గదిలో కాపలా ఉన్న టీచరు నోరు విప్పకూడదు, పందొమ్మిదేళ్ళుగా విప్పలేదు. గంట పరీక్ష. నాలుగో తరగతి, నలభై రెండు మంది. మొదలై నా గడియారంలో పదకొండు నిమిషాలైంది, అంటే నిజానికి ఇరవై, నా గడియారం తొమ్మిది నిమిషాలు వెనక నడుస్తుంది. బాగుచేసే మనిషి ఈ వీధి చివరే ఉన్నాడు, ఆయన కూతురు ఈ గదిలోనే గోడ వైపు మూడో బల్ల మీద కూర్చుని పరీక్ష రాస్తోంది, కానీ ఆయన దుకాణం మెట్లు మనవాళ్ళెవరూ ఎక్కకూడదని పార్టీ వాళ్ళు చెప్పి నాలుగు నెలలైంది. అక్కడికి వెళ్ళడానికి నాకు భయం. ఇంకో దుకాణానికి వెళ్ళడానికి సిగ్గు. అందుకని అలాగే పెట్టుకుని తిరుగుతున్నాను.

వరండాలో కిర్రుమని చప్పుడు. ఆగింది. మళ్ళీ కిర్రు. ఆయన చెప్పుల చప్పుడది, పిల్లలు ఆయనకు కిర్రు సారు అని పేరు పెట్టారు, మొదట్లో మేమూ స్టాఫ్‌రూములో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం, ఇప్పుడు ఆ చప్పుడు వినగానే మాట మార్చేస్తున్నాం. ఆయన టీచరు కాదు, పార్టీ పంపిన పరిశీలకుడు. లైబ్రరీ ఖాళీ చేయించి ఆయనకు గదిగా ఇచ్చారు. పుస్తకాలేమయ్యాయండీ అని పెద్ద టీచరును అడిగితే ఆవిడ తలుపు వైపు చూసి, "నన్నడక్కమ్మా, నాకింకా రెండేళ్ళే సర్వీసు" అంది. ఆవిడకి రెండేళ్ళు. నాకు పదిహేను. ఆయన ఇప్పుడు మూసిన తలుపు అద్దం దగ్గర ఆగాడా, ముందుకు వెళ్ళాడా, తల తిప్పి చూస్తే చూశానని తెలుస్తుంది, చూడకపోతే ఎందుకు చూడలేదంటారు, నేను నల్లబల్ల మీద నేనే రాసిన తేదీ వైపు చూస్తూ నిలబడ్డాను. వెళ్ళాడు. చప్పుడు మెట్ల వైపు పోయింది.

ప్రశ్నపత్రం ఎప్పుడూ నేనే తయారుచేస్తాను, ఇంట్లో అన్నం తినే బల్ల మీద, పిల్లల్లో ఎవరికి ఏది రాదో గుర్తుచేసుకుంటూ. ఈసారి లక్క ముద్ర వేసిన కవరు వచ్చింది, పార్టీ విద్యా విభాగం నుంచి, పిల్లల ముందే తెరవాలని పైన రాసి ఉంది. తెరిచాను. ఒకటి నుంచి ఆరు దాకా మామూలే, వ్యతిరేక పదాలు, వచనాలు, ఆవు మీద ఐదు వాక్యాలు. ఏడో దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. సరైన పదంతో ఖాళీ పూరించండి: ఈ నేల, ఆ పక్కన ఖాళీ గీత. కింద రెండు పదాలు, మాది, మనది. ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు ప్రశ్న పిల్లలకు పెట్టింది కాదు, నాకు పెట్టింది. జవాబు పత్రాలు ఈసారి నేను దిద్దను, పార్టీ ఆఫీసుకు వెళతాయి, మనది అని రాసిన పిల్లలెంతమందో లెక్కపెడతారు, అదీ నా పాఠం ఎంత పాకిందో చూడటానికి, ఆ పైన ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడతారు. మాట్లాడతాం అనే అన్నాడు కిర్రు సారు మొన్న మీటింగులో, చాలా మెత్తగా. కాలవ పక్క బడిలో పోయిన నెల ఒక పిల్లవాడి తండ్రితో అలాగే మాట్లాడారు. వాళ్ళ ఇంటికి ఇప్పుడు బయట తాళం, పెరట్లో ఉతికిన బట్టలు తీగ మీదే ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

చేతులారా చేసుకున్నాను. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ పురిగొల్పలేదు. ఏటా కొత్త వాచకాలు వచ్చిన వారంలోనే ఒక గంట తప్పొప్పుల గంట పెట్టడం నా అలవాటు. అచ్చుతప్పులు లేని వాచకం నేను పుట్టాక చూడలేదు, నక్కకు నుక్క, కొబ్బరికి కొబ్బిరి, ఒకసారైతే రాజుగారు గుర్రం ఎక్కెను అనాల్సింది గుర్రం రాజుగారిని ఎక్కెను అని పడింది, పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. అందరి చేతా ఎర్ర పెన్సిళ్ళు పట్టించి, ఫలానా పేజీ, ఫలానా వరుస అని చెబుతూ దిద్దిస్తాను, దాంతో పుస్తకం వాళ్ళ సొంతమవుతుందని నా నమ్మకం. ఈ ఏడు మొదటి పాఠంలో, బొమ్మ కింద పెద్ద అక్షరాలతో, ఈ నేల మాది అని ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ మనది అనే ఉండేది. ఒరేయ్ ఇంత పెద్ద అక్షరాల్లో కూడా తప్పు వేశారా అనుకున్నాను నవ్వుకుంటూ. దేవుడి సాక్షిగా నాకు ఇంకేమీ తోచలేదు. పుస్తకం చదివేది ఇక్కడి పిల్లలే కదా, వాళ్ళతో మాది అంటే మరి వాళ్ళు ఎవరు, ఇంత చిన్న విషయం అచ్చువేసేవాళ్ళకు తెలియదా అని విసుక్కుని, నలభై రెండు పుస్తకాల్లోనూ ఎర్ర పెన్సిలుతో కొట్టేయించి మన అని రాయించాను. అక్కడితో ఆగానా. పన్నెండు తప్పులకు తప్పొప్పుల పట్టిక కట్టి, అచ్చాఫీసుకు ఉత్తరం రాశాను, పట్టికలో ఈ మాది ఐదో తప్పు, 'పొరపాటున పడినట్లుంది, వచ్చే ముద్రణలో సవరించగలరు' అని, కింద సంతకం, బడి ముద్ర. పోస్టు చేసి వస్తూ ఎంత తృప్తిగా ఉందో ఆ రోజు.

ఆరోజే ఆ తేడా చెప్పాను పిల్లలకు. నాకు నా చిన్నప్పుడు ఏ టీచరూ చెప్పలేదు, మా అత్తగారు చెప్పింది. కాపురానికి వచ్చిన రెండో రోజు, వంటింట్లో నిలబడి, మీ ఉప్పు ఎక్కడ పెడతారత్తయ్యా అని అడిగాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి లేచి, నా గడ్డం పట్టుకుని, "మీ ఏంటే, మీ? మన ఉప్పు. ఇంకోసారి మీ అన్నావంటే మీ పుట్టింటికి బండెక్కిస్తా" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉప్పు డబ్బా చూపించింది, ఆ డబ్బా ఇప్పటికీ అదే అరలో ఉంది, ఆవిడ లేదు. ఇది పిల్లలకు చెప్పాను. మా అన్నా మన అన్నా ఒకటే కదా టీచర్ అన్నాడొకడు. కాదు నాన్నా, ఎదురుగా వింటున్నవాడు లోపలుంటే మన, బయటుంటే మా, మీ అక్కతో మన అమ్మ అంటావు, నాతో మా అమ్మ అంటావు, అంతే తేడా అన్నాను. మరి మీరు మా ఆయన అంటారెందుకు, మన ఆయన అనరెందుకు అని అడిగిందొక గడుగ్గాయి, అలా అంటే కొంపలంటుకుంటాయే తల్లీ అన్నాను, క్లాసు క్లాసంతా గొల్లుమంది. లోపలుంటే మన, బయటుంటే మా. దాన్ని పాటలా పట్టుకున్నారు. ఇంటర్వెల్లులో తాడు గెంతుతూ అదే పాట, వరండాలో అదే, మెట్ల మీద అదే, ఆ పాట కిర్రు సారు గదిలోకి ఏ రోజు వెళ్ళిందో నాకు తెలియదు.

ఆరో ప్రశ్నకు వచ్చేశారు కొందరు. మొదటి బల్ల మీద రెండు జడల పిల్ల, పార్టీ వార్డు సెక్రటరీ కూతురు, ఆవు గురించి ఆరో వాక్యం కూడా రాస్తోంది, ఐదు చాలమ్మా. వాళ్ళ నాన్నే ఆ ఎర్ర గీత చూసింది. సాయంత్రం కూతుర్ని చదివించబోయి పుస్తకం తెరిచాడట, మర్నాడే బడికి వచ్చాడు, నా మీద అరవలేదు, పుస్తకం నా ముందు పెట్టి ఆ గీత మీద వేలు పెట్టి, "ఇదేంటండీ?" అన్నాడు. అచ్చుతప్పండీ అన్నాను. పక్కనున్న కిర్రు సారు నవ్వి, "అచ్చుతప్పు కాదమ్మా. కూర్చుని ఆలోచించి వేసిందే అది" అన్నాడు. మరి మాది అంటే ఎవరిదండీ అని నా నోట్లోంచి వచ్చేసింది, నిజంగా వ్యాకరణం కోసమే, పాడు నోరు. "తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది లెండి" అన్నాడాయన. అప్పుడు తెలిసింది నాకు. గోడ వైపు వరుస గుర్తుకొచ్చింది, ఏడాది మొదట్లో వేరే మతం పిల్లలందరినీ లేపి ఆ వరుసలో కూర్చోబెట్టమన్నారు, హాజరు తియ్యడానికి సులువుగా ఉంటుందన్నారు, నేను సరేనన్నాను, పన్నెండు మంది సంచులు నేనే మోసి పెట్టాను. పొద్దుటి ప్రార్థన కూడా ఇప్పుడు ఒక్కటే. పూర్వం రోజు విడిచి రోజు వాళ్ళదీ మనదీ పాడించేవాళ్ళం. ఈ పన్నెండు మంది ఇప్పుడు నోరు మాత్రం కదుపుతూ నిలబడతారు, ఏం కదుపుతున్నారో నేను దగ్గరికి వెళ్ళి వినలేదు.

సైన్సు మాష్టారు విన్నాడు. విని, పోనీలెండి వాళ్ళ ప్రార్థన వాళ్ళని పాడుకోనివ్వండి, ఐదు నిమిషాల పనేగా అన్నాడు మీటింగులో, ఇంకేమీ అనలేదు. ఆయన్ని శిక్షణకు పంపారు. రెండు నెలలైంది. శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్ళు అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, చివరి అక్షరం తీసేసి చదవమని నా బుర్ర నాతో చెబుతూనే ఉంది. స్టాఫ్‌రూములో ఆయన అరలో ఆయన టిఫిన్ డబ్బా అలాగే ఉంది, ఆ రోజు మధ్యాహ్నం తినకుండానే పిలిచారు కదా, మూత తీస్తే ఎలా ఉంటుందో, తీసి కడుగుదామని ఒకరికీ చెయ్యి రాలేదు, కడిగితే ఆయన మనిషివా అంటారేమో. పైకి మాత్రం ఒకరితో ఒకరం, పాపం వాళ్ళావిడ వచ్చి తీసుకెళుతుందిలే అనుకుంటాం. ఆయన భార్య వారానికోసారి గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నేను పక్క గేటు నుంచి వెళ్ళిపోతున్నాను.

రాసింది. రెండు జడల పిల్ల ఏడో ప్రశ్న రాసింది. నేను ఆ బల్ల పక్కగా నడుస్తున్నాను, చూడకూడదనుకుంటూనే చూశాను, ఇదొక్కతైనా మాది అని రాస్తుంది కదా, తండ్రి నూరిపోసి ఉంటాడు కదా అనుకున్నాను. మనది. లావుగా, పెన్సిలు నొక్కి రాసింది. పార్టీ ఆఫీసులో ఆ కాగితం చూసేది వాళ్ళ నాన్నే, తన కన్నబిడ్డ చేతిరాత ఆయనకు తెలియదా, ఇంటికొచ్చి ఆయన ఆ పిల్లను ఏమంటాడు, నన్ను ఏం చేస్తాడు. వంగి, గొంతు బయటికి రాకుండా, ఏడోది ఇంకోసారి చూసుకో తల్లీ అన్నాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి పరీక్షలో నోరు విప్పడం. ఆ పిల్ల తలెత్తి, నన్నే పరీక్షిస్తున్నట్టు చూసి, "చూసుకున్నా టీచర్. లోపలుంటే మన" అంది, ఆగి, ఇంకా చిన్నగా, "మా నాన్నకి వ్యాకరణం రాదు టీచర్" అంది. ఎంత గర్వంగా చెప్పిందో. నేను చెప్పిన పాఠం ఇంత బాగా వచ్చిన పిల్లను చూసి భయపడాల్సిన రోజు వస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్నా.

పొద్దున మా ఆయన బస్సు డిపోకి వెళ్ళేముందు స్పానర్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి, "ఎవరేమన్నా నోరెత్తకు. ఉద్యోగం పోతే పోయింది, నువ్వు ఇంటికి రావాలి" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. మా మరిది నవ్వాడు. మరిది పార్టీలో చేరాడు, అడక్కుండానే మేడ మీద జెండా కట్టాడు, దాని తాడు గాలికి గోడకు కొట్టుకుంటూ ఉంటుంది, ఆ జెండా వల్లే మన ఇంటికి మాట్లాడటానికి ఎవరూ రారు వదినా అంటాడు, నిజమేనేమో. "ఏంటి వదినా, ఒక్క అక్షరం కోసం ఇంత గోలా? అచ్చుతప్పు అనుకున్నానండీ అని రెండు కన్నీటి చుక్కలు రాల్చెయ్, అయిపోతుంది" అన్నాడు. అదే కదా నిజం అన్నాను. వాడు ఇంకా నవ్వాడు, "అబ్బో, అలాగే అను, బాగా కుదిరింది" అన్నాడు. నా దగ్గరున్న ఒకే ఒక నిజం వాడికి కూడా సాకులాగే వినిపించింది. ఇక వాళ్ళు నమ్ముతారా. నా కూతురు పై అంతస్తులో ఏడో తరగతిలో ఉంది ఇప్పుడు, లెక్కల పరీక్ష, నా వల్ల దాన్ని ఏమైనా అంటారా, గోడ వైపు వరుసలో కూర్చోబెడతారా, దానికేం సంబంధం, ఎవరికేం సంబంధం, ఈ పిల్లలకేం సంబంధం.

మనది. మనది. మాది, ఒకడు, పాలకేంద్రం వాళ్ళ అబ్బాయి, వాడు క్లాసులో నిద్రపోయే రకం, బతికిపోయాడు. మనది. నా చేతులు చెమటకు తడిసి అదనపు కాగితాలు అంటుకుంటున్నాయి. ఇరవై నిమిషాలుంది, నా గడియారంలో ఇరవై తొమ్మిది, ఏది నిజమో మర్చిపోతున్నాను. అందరికీ వినపడేలా, పిల్లలూ ఏడో ప్రశ్న మాది అని రాయండి అంటే సరిపోదా. ఒక్క మాట. పుస్తకంలో ఉన్నదే కదా. సాయంత్రానికి అందరం ఎవరి ఇళ్ళలో వాళ్ళం ఉంటాం. అవును, చెప్పేస్తాను, నా ప్రాణానికి ఇంత పట్టింపా, వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా, తెరిచి గోడ వైపు చూశాను. ఈ పన్నెండు మంది మాది అని రాస్తే, వేరే మతం పిల్లలు, ఈ నేల మాది అని చేతిరాతతో రాసి సంతకంలాగా పైన పేరు రాసి ఇస్తే, దానికి ఏమంటారు. మనది అని రాస్తే ఏమంటారు. వీళ్ళకు ఈ రెండు పదాల్లో ఏది రాసినా తప్పే, ప్రశ్న పెట్టినవాడికి అది తెలుసు, ఇంత చిన్న ప్రశ్నలో ఇంత పెద్ద గొయ్యి తవ్వాడంటే వాడికి నాకంటే వ్యాకరణం బాగా వచ్చు. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ వరుస పక్కకి వెళ్ళాను. మొదటి బల్ల వాడు ఖాళీగా వదిలేశాడు. రెండో బల్ల మీద ఇద్దరూ ఖాళీగా వదిలేశారు, ఒకరిని చూసి ఒకరు కాదు, మధ్యలో సంచులు అడ్డం పెట్టుకున్నారు, ఎవరికి వాళ్ళే వదిలేశారు. మూడో బల్ల మీద గడియారాలాయన కూతురు. క్లాసులో దీని చేతిరాతంత అందమైన చేతిరాత లేదు, తండ్రి చిన్న చిన్న పళ్ళచక్రాలు పట్టే చేత్తో దిద్దించాడనుకుంటాను, ప్రతి అక్షరం గుండ్రంగా, తలకట్లు ఒకే ఎత్తులో ఉంటాయి. తప్పొప్పుల గంటలో పన్నెండు తప్పుల్లో నాలుగు ఇదే పట్టింది. ఏడో ప్రశ్నలో ఖాళీ లేదు, పూరించింది. మాది కాదు. మనది కాదు. ఇచ్చిన రెండు పదాల్లో ఏదీ కాదు. ఈ నేల మీది, అని రాసింది.

తొమ్మిదేళ్ళ పిల్ల. మీది. ఎవరికి చెబుతోంది, ప్రశ్న పెట్టినవాడికా, కిర్రు సారుకా, నాకా. నాకే, కాగితం చేతికి తీసుకునేది నేనే కదా. నేను దానికి బయటిదాన్నయ్యాను. నాకు వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు, ఇన్నాళ్ళూ నేను భయం భయం అనుకుంటూ తిరిగింది ఇంత చిన్న పిల్ల ముందు ఎంత చిన్నది, నాకు జెండా ఉంది, మరిది ఉన్నాడు, నేను పక్క గేటు నుంచైనా ఇంటికి వెళ్ళగలను. భయం పోలేదు. పోయిందంటే అబద్ధం, పెరిగింది. కానీ ఒక సంగతి తోచింది, మామూలు సంగతి, ఏ టీచరుకైనా తోచేదే. పిల్లలు సొంతంగా రాస్తే అది పిల్లల జవాబు. కాపలా టీచరు చెప్పి రాయిస్తే అది కాపీ, పేపరు చెల్లదు, తప్పు మొత్తం టీచరుది, పిల్లలను ఏమీ అనడానికి లేదు. నేను చెప్పి రాయించానని నలభై రెండు మంది చెప్పాలి, గట్టిగా చెప్పాలి, కిర్రు సారుకు కూడా వినపడాలి. మెట్ల దగ్గర ఆ చెప్పులు మళ్ళీ పైకి వస్తున్నాయి. ఒకటి, రెండు. రానీ. మా ఆయన ముఖం గుర్తొచ్చింది, గుమ్మంలో సంచితో. ఇంటికి రావాలి అన్నాడు. క్షమించు అనుకున్నాను, నిజంగా పెదాలు కదిపి అనుకున్నాను.

నల్లబల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. సుద్దముక్క తీసుకుంటే చేతిలో విరిగిపోయింది, రెండో ముక్క తీసుకున్నాను. "పిల్లలూ, ఇటు చూడండి" అన్నాను. పరీక్షలో నా గొంతు విని నలభై రెండు తలలూ ఒక్కసారి లేచాయి. "ఏడో ప్రశ్న జవాబు నేను చెబుతున్నాను. అందరూ అదే రాయాలి. వేరేగా రాసినవాళ్ళు చెరిపేసి రాయండి, వదిలేసినవాళ్ళు రాయండి. ఎవరైనా అడిగితే టీచరే చెప్పి రాయించింది అని చెప్పాలి. తెలిసిందా?" అన్నాను. తెలిసింది టీచర్ అన్నారు, కొందరు నవ్వారు, వాళ్ళకు పండగలాగుంది. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను. మనది. చెప్పుల చప్పుడు తలుపు దగ్గర ఆగిపోయింది. నేను తిరిగి చూడలేదు, నా వీపుకు తెలిసింది. లోపలికి రాలేదు ఆయన. రావాల్సిన తొందర ఆయనకు లేదు, అద్దంలోంచి అంతా కళ్ళతో చూశాడు, ఇక గంట కొట్టేదాకా ఆగితే చాలు. రబ్బర్ల చప్పుడు మొదలైంది. పాలకేంద్రం అబ్బాయి నిద్ర మొహంతో చెరిపేస్తున్నాడు. గోడ వైపు మొదటి బల్ల వాడు నన్నూ తలుపునూ మార్చి మార్చి చూసి, పెన్సిలు తీసి, రాశాడు. రెండో బల్ల వాళ్ళిద్దరూ రాశారు. వెనక ఉన్నవాళ్ళూ వాళ్ళను చూసి రాశారు.

గడియారాలాయన కూతురు రాయలేదు. అరచెయ్యి కాగితం మీద బోర్లా పెట్టుకుని నల్లబల్ల వైపు చూస్తోంది, చదువుతోంది, తప్పు ఉందేమో వెతికేటప్పుడు చూసే చూపు అది. నేను దగ్గరికి వెళ్ళి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెరిపెయ్ తల్లీ అన్నాను, నేను చెప్పాను కదా, నీకేం కాదు, అందరూ రాశారు చూడు.

"వద్దు టీచర్" అంది. "ఎవరడిగినా ఇలాగే చెప్పమన్నాడు మా నాన్న. ఎక్కడ రాయమన్నా ఇలాగే రాయమన్నాడు. మంచివాళ్ళు అడిగినా సరే, ఇంకోలా చెప్పొద్దన్నాడు."

దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఎక్కాలు ఒప్పజెప్పినట్టు చెప్పింది. బయట పెద్ద టీచరు గొంతు వినిపిస్తోంది, ఎవరో ఇంకో ఇద్దరి గొంతులు కూడా, వాళ్ళను ఎప్పుడు పిలిచాడో, తలుపు గొళ్ళెం మీద చెయ్యి పడిన చప్పుడు విన్నాను. దాని దగ్గర రబ్బరు లేదేమో, అందుకేనేమో, అంతేనేమో అని నాలో ఒక పిచ్చి ఆశ, నా పెన్నుల పెట్టెలోంచి నా రబ్బరు తీసి, దాని ముందుకు తోశాను, తీసుకో, త్వరగా, తలుపు తెరుచుకునేలోగా. అది రబ్బరు వైపు చూసింది, నా వైపు చూసింది, బుద్ధిగా రెండు వేళ్ళతో దాన్ని తిరిగి నా వైపు జరిపింది.

"మీది, టీచర్" అంది.